ఎయిర్ ఫ్రయర్‌లో స్టీక్: పైన దోరగా వేగాలి, లోపల రసం నిలవాలి. కుదురుతుందా?

కొత్తచేయి
నమస్కారం. నేను ఉంటున్న గదిలో గ్యాస్ స్టవ్ గానీ, కరెంటు పొయ్యి గానీ పెట్టనివ్వరు. ఎయిర్ ఫ్రయర్‌కి (వేడి గాలితో వండే పెట్టె) మాత్రం అభ్యంతరం లేదు. బుట్ట ఐదు లీటర్లది, 200 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. బంగాళాదుంప ముక్కలు, కోడి తొడలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. స్టీక్ (మందంగా కోసిన మాంసం ముక్క) మాత్రం లొంగడం లేదు. త్వరగా తీస్తే లోపల మెత్తగానే ఉంటుంది గానీ పైన పాలిపోయిన బూడిద రంగు. రంగు వచ్చేదాకా ఉంచితే నమలలేక దవడలు నొప్పి. రెండూ ఒకేసారి కుదరడం అసలు సాధ్యమేనా, లేక ఈ యంత్రం వల్ల కాని పనా?

చేస్తున్న పద్ధతి ఇది. ముక్క మందం సుమారు ఒకటిన్నర సెంటీమీటర్. సోయా సాస్, తేనె, దంచిన వెల్లుల్లిలో నానబెట్టి, తీసి నేరుగా బుట్టలో పెడతాను. 180 డిగ్రీలు, 12 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పుతాను. "పెనం మీద వేసుకో" అనే సలహా మాత్రం దయచేసి వద్దు, పెనం పెట్టే చోటే లేదు :)

ఇనప_పెనం
సలహా వద్దన్నారు కాబట్టి సలహా ఇవ్వను, ఉన్న మాట చెప్తాను. స్టీక్‌కి కావాల్సింది కాలిన లోహం. వేడెక్కిన పెనానికి ముక్క తగలగానే చుయ్‌మని మోగాలి. గాలికి ఆ శక్తి ఎక్కడిది? 200 డిగ్రీల గాలిలో చెయ్యి ఒక క్షణం పెట్టి తీయగలం, 200 డిగ్రీల ఇనుము మీద పెట్టగలమా? ఎయిర్ ఫ్రయర్‌లో అయ్యేది మాంసం ఉడకడం. దాన్ని వేయించడం అనుకుని సంబరపడుతున్నాం, అంతే.

వేడిగాలి
పెనం గారి మొదటి సగంతో ఏకీభవిస్తాను, రెండో సగంతో కాదు. గాలి లోహం కంటే చాలా నెమ్మదిగా వేడిని అందిస్తుంది, నిజమే. కానీ ఆ పెట్టెలో ఫ్యాన్ ఉంది. ముక్క చుట్టూ పేరుకునే చల్లటి, చెమ్మగాలి పొరను అది ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. అందుకే మామూలు ఒవెన్‌లో రాని రంగు ఇందులో వస్తుంది. కొత్తచేయి గారి బంగాళాదుంపలు వేగుతున్నాయంటే ఆ గాలికి శక్తి ఉన్నట్టే కదా.

అసలు అడ్డంకి నీళ్లు. పచ్చి మాంసంలో మూడొంతుల దాకా నీరే. పైపొరలో తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, ఎందుకంటే వచ్చిన వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. రంగు, ఘుమఘుమ పుట్టించే మయ్యార్ చర్య చురుగ్గా సాగాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి జరిపే ఈ చర్యను 1912లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ వివరించాడు. బ్రెడ్ పైపొర, కాఫీ గింజ, స్టీక్ అన్నిటికీ ఆ రంగు ఇచ్చేది ఇదే.

పెనం మీదైతే లోహం ఆ తడిని క్షణాల్లో ఎగరగొడుతుంది, కాస్త తడిగా వేసినా క్షమిస్తుంది. గాలి క్షమించదు. మీరు సోయా సాస్‌లోంచి తీసి అలాగే పెడుతున్నారు కాబట్టి, 12 నిమిషాల్లో సగం ఆ సాస్ ఆరడానికే పోతోంది. ఈలోగా ఒకటిన్నర సెంటీమీటర్ ముక్క లోపల పూర్తిగా ఉడికిపోతుంది. మిగతా సగం సమయంలో పైన రంగు వస్తుంది, లోపల ఎండిపోతుంది. లోపల ఉడకడం, పైన వేగడం రెండు వేర్వేరు పనులు. వాటిని విడదీసి ఆలోచిస్తే దారి దొరుకుతుంది.

కొలతల_రాయుడు
వేడిగాలి గారు చెప్పినదానికి కొలతలు నేనిస్తాను, నా జబ్బే అది.

ముందు మందం. ఒకటిన్నర సెంటీమీటర్ ముక్కను ఎయిర్ ఫ్రయర్‌లో కాపాడటం చాలా కష్టం. కనీసం రెండున్నర, వీలైతే మూడున్నర సెంటీమీటర్ల మందం తీసుకోండి. మందం ఉంటే లోపలికి వేడి చేరడానికి సమయం పడుతుంది, ఆ సమయమే పైన రంగు రావడానికి దొరికే గడువు. ఇద్దరికి రెండు పలచటి ముక్కలు కొనే బదులు ఒక మందపాటి ముక్క వండి కోసి పంచుకోవడం మంచిది.

తర్వాత వేడి. 180 కాదు, పూర్తిగా 200. ఖాళీ ఫ్రయర్‌ని కనీసం ఐదు నిమిషాలు ముందే వేడి చేయాలి. కొన్ని యంత్రాల్లో దానికి వేరే బటన్ ఉండదు, ఊరికే ఐదు నిమిషాలకు టైమర్ పెట్టి తిప్పితే సరి.

నిమిషాలను మాత్రం నమ్మకండి. యంత్రాన్ని బట్టి, ముక్కను బట్టి మారిపోతాయి. థర్మామీటర్ పుల్లను ముక్క పక్కనుంచి నడిమధ్యకు గుచ్చి చూడండి, పైనుంచి గుచ్చితే మధ్య ఎక్కడుందో తెలియదు. లోపల ఎంత ఉడికిందో చెప్పే పేర్లు ఇవి: రేర్ (లోపల ఇంకా ఎర్రగా) అంటే 50 డిగ్రీల చుట్టుపక్కల, మీడియం రేర్ 54 నుంచి 57, మీడియం 60 నుంచి 63, 70 దాటితే వెల్ డన్ (పూర్తిగా ఉడికినట్టు). ఇవి తినేటప్పుడు ఉండాల్సిన అంకెలు. తీసేటప్పుడు మూడు నాలుగు డిగ్రీల ముందే తీయాలి, ఎందుకంటే బయటి పొరల్లోని వేడి తీశాక కూడా లోపలికి ప్రయాణిస్తూనే ఉంటుంది.

రెండున్నర సెంటీమీటర్ల ముక్కకైతే 200 దగ్గర మొత్తం ఏడు నిమిషాలు కాగానే మొదటిసారి గుచ్చి చూడండి. చాలా యంత్రాల్లో 8 నుంచి 10 నిమిషాల మధ్య మీడియం రేర్‌కి వస్తుంది.

వంటింటి_పిన్ని
అబ్బాయ్, ఆ తేనె సంగతి ఎవరూ మాట్లాడరేం? తేనెలో ఉన్నది ముఖ్యంగా ఫ్రక్టోజ్, గ్లూకోజ్. ఫ్రక్టోజ్ మిగతా చక్కెరల కంటే తక్కువ వేడికే రంగు మారుతుంది, ఇంకొంచెం ఉంచితే మాడి చేదెక్కుతుంది. ఫ్యాన్ గాలికి దంచిన వెల్లుల్లి గతి కూడా అంతే. అంచుల్లో నలుపు, మధ్యలో బూడిద రంగు వస్తున్నాయంటే వేగింది మాంసం కాదు, నీ తేనె. రుచి కావాలంటే చివర్లో పూసుకో, లేదా కోసిన తర్వాత పక్కన పెట్టుకుని అద్దుకు తిను.

ముందు చేయాల్సింది ఉప్పు పట్టించడం. కిలో మాంసానికి పది గ్రాముల ఉప్పు లెక్కన అన్ని వైపులా, అంచులతో సహా చల్లు. జాలీ మీద పెట్టి, మూత లేకుండా, ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలెయ్. ఫ్రిజ్ గాలికి ఆ పైపొర తడి బట్ట ఆరినట్టు ఆరిపోతుంది. పొద్దున చూస్తే ముదురు ఎరుపులో, చేత్తో తడిమితే గరుగ్గా ఉంటుంది. అదీ మనకు కావాల్సింది.

కొత్తచేయి
పిన్నిగారూ, ఉప్పు నీటిని బయటికి లాగుతుందంటారు కదా? రాత్రంతా ఉంచితే ఇంకా ఎండిపోదా?

వంటింటి_పిన్ని
మొదట లాగుతుంది నాయనా. పది పదిహేను నిమిషాలకి ముక్క మీద చెమట పట్టినట్టు నీళ్లు కనిపిస్తాయి. అప్పుడు వండితేనే చేటు, ఆ తడి మీద రంగు రాదు. నలభై నిమిషాలు దాటితే ఆ నీళ్లలో కరిగిన ఉప్పు మెల్లగా లోపలికి ఇంకుతుంది. లోపలికి చేరిన ఉప్పు కండలోని ప్రోటీన్లను కొంచెం వదులు చేస్తుంది, అవి వండేటప్పుడు నీటిని మరీ గట్టిగా పిండెయ్యవు. పైన పొడి, లోపల పట్టు, రెండూ ఒక్క ఉప్పుతోనే.

కాబట్టి వండే ముందు క్షణంలో ఉప్పు వెయ్యి, లేదా కనీసం ముప్పావు గంట ముందు వెయ్యి. ఆ మధ్యలో మాత్రం వెయ్యకు. ఇంకోటి, వండటానికి గంట ముందు ఫ్రిజ్‌లోంచి బయటపెట్టు, చలి వదిలాక వండితే సమంగా ఉడుకుతుంది.

కొలతల_రాయుడు
పిన్నిగారి ఉప్పు పాఠానికి దండం. ఆ ఆఖరి వాక్యానికి మాత్రం అడ్డు తగులుతున్నా, కోప్పడకండి. మందపాటి ముక్కను అరగంట బయటపెట్టినా మధ్యలో పెరిగేది కొద్ది డిగ్రీలే, థర్మామీటర్ గుచ్చి ఎవరైనా చూసుకోవచ్చు. పైగా ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముక్క మీద గదిలోని చెమ్మ పేరుకుంటుంది, రాత్రంతా ఆరబెట్టిన పని కాస్తా తడిసిపోతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో చలి మనకు మేలే చేస్తుంది. లోపల చల్లగా ఉంటే ఉడకడం ఆలస్యమవుతుంది, పైన వేగడానికి ఇంకో నిమిషమో రెండో నిమిషాలో ఎక్కువ దొరుకుతుంది.

వంటింటి_పిన్ని
నీ థర్మామీటర్‌తో నాకు గొడవెందుకు గానీ రాయుడూ, నేను బయటపెట్టే వండుతాను, బాగానే వస్తుంది. బయట పెట్టిన ముక్కని బుట్టలో వేసే ముందు టిష్యూతో గట్టిగా అద్దుతాను, నీ చెమ్మ అక్కడికి పోతుంది. కుర్రాడికి నచ్చింది చేసుకోనీ.

చెట్టుకింద_చెఫ్
రెస్టారెంట్ వంటగదిలో పనిచేస్తాను. ఇందాకటి నుంచి ఎవరూ నూనె మాట ఎత్తలేదు. ఎయిర్ ఫ్రయర్ కదా, నూనె అక్కర్లేదు అనుకుంటారు చాలామంది. స్టీక్‌కి కావాలి, చాలా కొద్దిగా. మాంసం ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉంటుంది, పలచటి నూనె పొర ఆ సందులు నింపి వేడిని సమంగా పంచుతుంది. రిఫైన్డ్ నూనె ఏదైనా పర్వాలేదు, త్వరగా పొగ వచ్చేది మాత్రం వద్దు. బుట్టకు కాకుండా ముక్కకు పూయండి. డబ్బాలో వచ్చే నూనె స్ప్రేలు బుట్ట మీద కొట్టకండి, వాటిలో కలిపే లెసిథిన్ లాంటివి నాన్‌స్టిక్ పూత మీద జిగురులా పేరుకుంటాయి, కడిగినా పోవు.

మిరియాల పొడి ముందే వేస్తే కొంచెం మాడుతుంది. కొందరికి ఆ కారం ఇష్టం, నాకు కాదు, తీశాక వేస్తాను. వెన్న ముందు పూయొద్దు. అందులో నీరు ఉంటుంది, పాల పదార్థం ఉంటుంది. నీరు తడి చేస్తుంది, పాల పదార్థం మాడుతుంది. వెన్న, వెల్లుల్లి, థైమ్ ఇవన్నీ తీసిన తర్వాత వేడి ముక్క మీద వేస్తే వాటంతటవే కరిగి పడతాయి.

ఇక నా గుట్టు: మయొనైజ్.

ఇనప_పెనం
స్టీక్‌కి మయొనైజా? ఈ చర్చ చదువుతున్నందుకు సిగ్గుపడుతున్నా.

చెట్టుకింద_చెఫ్
నవ్వండి, తర్వాత చేసి చూడండి. మయొనైజ్ అంటే చాలావరకు నూనె, కొంచెం గుడ్డు. ఉత్త నూనె ముక్క మీద నుంచి జారిపోతుంది, ఇది అంటుకుని ఉంటుంది. గుడ్డులోని ప్రోటీన్ కూడా రంగు పట్టడానికి పనికొస్తుంది. బ్రష్‌తో కనీకనిపించనట్టు పూయాలి, ముద్దగా కాదు. వేగాక మయొనైజ్ రుచి ఏమీ మిగలదు. గాలితో వండేటప్పుడు నాకు తెలిసి ఇంత తేలికైన కిటుకు ఇంకోటి లేదు.

రాత్రి_ఆకలి
నేను బేకింగ్ సోడా కూడా విన్నాను. చిటికెడు మొక్కజొన్న పిండిలో కలిపి చల్లితే రంగు త్వరగా వస్తుందట. నిజమేనా?

వేడిగాలి
నిజమే, క్షార గుణం ఉంటే మయ్యార్ చర్య వేగంగా సాగుతుంది, మొక్కజొన్న పిండి తడిని పీలుస్తుంది. కానీ సోడా చెయ్యి జారితే సబ్బు రుచి వస్తుంది, పైపొర ఒక రకమైన జారుడు మెత్తదనానికి వస్తుంది. కోడి రెక్కలకు అది సరిపోతుంది, చర్మం ఉంటుంది కాబట్టి. స్టీక్‌కి నేను వాడను. రాత్రంతా ఆరబెట్టే ఓపిక ఉంటే సోడా అవసరం రాదు.

ఇనప_పెనం
సరే, పూతలు పూసుకోండి. కానీ మొదటి నిమిషంలోనే ముక్క చుట్టూ పొర గట్టిపడకపోతే రసం అంతా కారిపోతుంది. పెనం ఆ రసాన్ని లోపల బంధిస్తుంది. గాలి బంధించలేదు. దీనికేమంటారు?

వేడిగాలి
అది చాలా పాత నమ్మకం అండీ. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టుస్ ఫాన్ లీబిగ్ 1847లో ప్రచారంలో పెట్టాడు, ఇరవయ్యో శతాబ్దంలో చేసిన వంట పరీక్షల్లో అది తప్పని తేలింది. వేగిన పొరకు నీటిని ఆపే గుణం లేదు. ఋజువు మీ పెనం మీదే ఉంది: ఒక వైపు వేగాక తిప్పి వేసినా చుయ్యిమంటూనే ఉంటుంది కదా, ఆ చప్పుడు బయటికొస్తున్న నీటిదే. రసం నిలవడం, పోవడం లోపలి ఉష్ణోగ్రత మీద ఆధారపడి ఉంటుంది. 50 డిగ్రీల దగ్గర కండలోని ఒక రకం ప్రోటీన్ ముడుచుకోవడం మొదలవుతుంది, 60 దాటాక కండరాల చుట్టూ ఉన్న కొలాజెన్ తొడుగు కుంచించుకుపోయి లోపలి నీటిని బయటికి పిండుతుంది, 65 దాటితే ఇంకో ప్రోటీన్ కూడా చేయి కలుపుతుంది. అందుకే 55 దగ్గర తీసిన ముక్కకీ 68 దగ్గర తీసిన ముక్కకీ అంత తేడా.

పైన వేయించేది రుచి కోసం, రసం కోసం కాదు. ఇది అర్థమైతే సగం గొడవ తీరిపోతుంది. పైన రంగు మొదట్లోనే రావాలన్న నియమం లేదు, చివర్లో వచ్చినా ఒకటే.

ఇనప_పెనం
రసం సంగతి ఒప్పుకుంటున్నా, ఆ చప్పుడు మాట ఆలోచింపజేసింది. రంగు సంగతి మాత్రం ఒప్పుకోను. పక్కపక్కనే పెడితే పెనం ముక్కే గెలుస్తుంది.

వేడిగాలి
దానికి నాకూ అభ్యంతరం లేదు :) పెనం ఉన్నవాళ్లకు ఉత్తమ దారి, ఎయిర్ ఫ్రయర్‌లో 120 దగ్గర నెమ్మదిగా లోపలి భాగాన్ని 46 దాకా తెచ్చి, పొగలు కక్కే పెనం మీద ఒక్కో వైపు 45 సెకన్లో నిమిషమో వేసి తీయడం. కానీ అడిగిన మనిషికి పెనం లేదు.

పోత_ఇనుము
ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు, దీనికి రాయాల్సి వస్తోంది. ఇద్దరూ గెలిచే దారి ఒకటుంది. బుట్టలో పట్టే చిన్న పోత ఇనుము పలకో, గ్రిల్ ప్లేటో దొరుకుతుంది. పొయ్యి అక్కర్లేదు. ఖాళీగా ఉన్నప్పుడే దాన్ని బుట్టలో పెట్టి 200 దగ్గర పావుగంట వేడి చేయండి. తర్వాత ముక్కను దాని మీద వేయండి. కింద ఇనుము, పైన గాలి. 200 డిగ్రీల ఇనుము పొయ్యి మీది పెనం అంత కాగదు, నిజమే. అయినా ఉత్త జాలీ కంటే ఎంతో నయం, చుయ్‌మని మోగుతుంది కూడా.

మూడు జాగ్రత్తలు. పలక చుట్టూ గాలి తిరగడానికి కనీసం ఒక వేలు సందు ఉండాలి, బుట్ట అడుగు మొత్తం మూసేస్తే ఫ్యాన్‌కి దారి ఉండదు. పలక అడుగు గరుకుగా ఉంటే నాన్‌స్టిక్ పూత గీసుకుపోతుంది, ఎత్తి పెట్టండి, జరపకండి. బుట్ట ఎంత బరువు మోస్తుందో యంత్రంతో వచ్చిన పుస్తకంలో చూసుకోండి.

ఇనప_పెనం
ఇది నచ్చింది. చివరికి ఇనుమే దిక్కయింది చూశారా.

నిర్వాహకులు
పెనం పార్టీ, గాలి పార్టీ వాళ్లు చేసుకున్న ఎగతాళి సందేశాలు కొన్ని తొలగించాం. చర్చ స్టీక్ మీద ఉండనివ్వండి.

కొత్తచేయి
అందరికీ ధన్యవాదాలు. మూడు సెంటీమీటర్ల మందం ఉన్న రిబ్‌ఐ (పక్కటెముకల దగ్గరి మాంసం ముక్క) తెచ్చి, పిన్నిగారి లెక్క ప్రకారం ఉప్పేసి రాత్రంతా ఆరబెట్టాను. పలచగా మయొనైజ్, 200 డిగ్రీలు. పలక ఇంకా కొనలేదు. లోపల 56 వచ్చింది, కోస్తే రసం ఉంది, ఇది స్టీక్ అని నమ్మకం కుదిరింది. పైవైపు రంగు అద్భుతం. కింది వైపు మాత్రం జాలీ గీతలు తప్ప మిగతాదంతా పాలిపోయి ఉంది. ఇంకోటి, గది నిండా పొగ, స్మోక్ అలారం మోగి పక్క గదులవాళ్లు బయటికొచ్చారు. ఇదో కొత్త టెన్షన్.

వేడిగాలి
కింది వైపు అలా రావడం సహజం. చాలా ఎయిర్ ఫ్రయర్లలో వేడి తీగ, ఫ్యాన్ రెండూ పైనే ఉంటాయి. పైవైపుకి గాలితో పాటు తీగ సెగ నేరుగా తగులుతుంది, కిందికి గాలి కూడా సరిగ్గా చేరదు, కారిన రసం ఆవిరి చేరుతుంది. కాబట్టి వడ్డించేటప్పుడు పైకి కనిపించాల్సిన వైపును రెండో దఫాలో పైన ఉంచండి. సగం సమయానికి కాదు, మొదటి వైపు రంగు వచ్చాక తిప్పండి. తిప్పే ముందు పైకి రాబోయే వైపును టిష్యూతో ఒకసారి అద్దండి, ఈ చిన్న పనికి తేడా బాగా కనిపిస్తుంది. యంత్రంతో వచ్చిన ఎత్తు స్టాండ్ ఉంటే దాని మీద పెట్టండి, తీగకి దగ్గరవుతుంది. తగిలేంత దగ్గర మాత్రం వద్దు.

తీశాక పళ్లెంలో నేరుగా పెట్టకండి. కింద ఆవిరి పట్టి కష్టపడి తెచ్చిన పొర మెత్తబడుతుంది. జాలీ మీద ఐదు నిమిషాలు, మూత గానీ రేకు గానీ కప్పకుండా ఆగితే చాలు.

చెట్టుకింద_చెఫ్
పొగ రిబ్‌ఐ వల్ల. దాంట్లో కొవ్వు ఎక్కువ, కరిగి కింది అరలో పడి అక్కడ కాలుతుంది. కొవ్వు ఉన్నందుకే అది ఎయిర్ ఫ్రయర్‌కి బాగా కుదురుతుంది, పొగ వస్తున్నదీ దానివల్లే. అంచున ఉన్న మందపాటి కొవ్వు పట్టీని అర సెంటీమీటర్ దాకా కోసేయండి. జాలీ కింద అరలో ఒక బ్రెడ్ ముక్క పెట్టండి, కారిన కొవ్వును పీల్చుకుంటుంది. అది గాలికి ఎగరకుండా జాలీ కింద ఇరుక్కునేలా చూసుకోండి. కొందరు అరలో రెండు మూడు చెంచాల నీళ్లు పోస్తారు, పొగ ఆగుతుంది గానీ ఆవిరి పుడుతుంది, మనం ఇంతసేపు పోరాడింది ఆ చెమ్మతోనే. స్టీక్‌కైతే బ్రెడ్ మేలు.

పాత జిడ్డు కూడా ఒక కారణం. బుట్ట కడిగినా, పైన తీగ చుట్టూ అంటిన జిడ్డు ఎవరూ తుడవరు. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, తడి గుడ్డతో తుడవండి.

రాత్రి_ఆకలి
శుభ్రం చేసే బాధ లేకుండా అడుగున పేపర్ లైనర్ వేస్తే?

చెట్టుకింద_చెఫ్
స్టీక్‌కి వద్దు. గాలి ఆగిపోతుంది, కొవ్వులో ముక్క నానుతుంది. ఇంకో ప్రమాదం, ముందుగా వేడి చేసేటప్పుడు ఖాళీ పేపర్ వేస్తే గాలికి ఎగిరి తీగకు తగిలి నిప్పంటుకుంటుంది. వేరే వంటకు వాడినా దాని మీద బరువు పెట్టాకే ఆన్ చేయాలి.

తొలి_ముద్ద
మా ఇంట్లో పిల్లలు, మా అత్తగారు తింటారు. మధ్యలో ఎర్రగా ఉంటే ఆవిడకు భయం, రక్తం అంటారు. 56 డిగ్రీలు నిజంగా సురక్షితమేనా?

కొలతల_రాయుడు
ఆ ఎర్ర రసం రక్తం కాదని చెప్పండి. కండలో ఆక్సిజన్‌ను నిల్వ చేసే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్, నీళ్లు కలిసిన ద్రవం అది. వేడి పెరిగేకొద్దీ గులాబీ రంగుకు, తర్వాత గోధుమ రంగుకు మారుతుంది.

సురక్షితమా అంటే, రంగు చూసి చెప్పకూడదు, అంకె చూసి చెప్పాలి. అమెరికా వ్యవసాయ శాఖ కోయని నిండు స్టీక్‌కి 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాలు ఆగడం సిఫార్సు చేస్తుంది. మీడియం రేర్ దాని కంటే తక్కువే. ఆరోగ్యవంతులైన పెద్దలు చాలామంది తెలిసే అలా తింటారు, ఎందుకంటే నిండు ముక్కలో సూక్ష్మజీవులు సాధారణంగా పైపొర మీదే ఉంటాయి, అక్కడ వేడి ఎక్కువ తగులుతుంది. పిల్లలు, వృద్ధులు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు అయితే 63 పాటించండి, అందులో మొహమాటం వద్దు. ఆ 63 దగ్గర కూడా ఉప్పు పట్టించిన మందపాటి ముక్క రసంగానే ఉంటుంది.

ఇంకో మాట, చాలామందికి తెలియనిది. కొన్ని స్టీక్‌లను మెత్తబరచడానికి ముందే సూదులతో, బ్లేడ్లతో పొడిచి అమ్ముతారు. అప్పుడు పైన ఉన్నది లోపలికి చేరుతుంది. ప్యాకెట్ మీద అలా రాసి ఉంటే ఎవరు తిన్నా 63 దాకా వండాల్సిందే. కైమాతో చేసే ప్యాటీలకైతే 71.

థర్మామీటర్ మీద అనుమానం ఉంటే గ్లాసు నిండా ఐస్ ముక్కలు, కాసిని నీళ్లు పోసి, కలిపి గుచ్చండి. సున్నా చూపించాలి.

తొలి_ముద్ద
ధన్యవాదాలు రాయుడుగారు. ఒకే ముక్కలో ఇద్దరికీ సరిపోయేలా వండొచ్చా? నాకు మీడియం రేర్, ఆవిడకు బాగా ఉడకాలి.

వంటింటి_పిన్ని
మందపాటి ముక్కని మధ్యకు కోసి రెండు చేసుకోమ్మా. ఆవిడది ముందు పెట్టు, మూడు నాలుగు నిమిషాల తర్వాత నీది పక్కన పెట్టు. రెండిటి మధ్య సందు ఉండాలి, ఆనుకుంటే ఆ పక్కలు ఉడికినట్టు తెల్లబోతాయి. రెండు ముక్కలకు చోటు చాలకపోతే ఒకదాని తర్వాత ఒకటి చెయ్యి, ఒకదాని మీద ఒకటి మాత్రం పెట్టకు. ఆవిడ ముక్క కోసేటప్పుడు కండ పోగులు ఎటు సాగుతున్నాయో చూసి, వాటికి అడ్డంగా పలచగా కోసిపెట్టు. ఉడికిన మాంసం కూడా నమలడానికి తేలిగ్గా ఉంటుంది. పెద్దవాళ్లకి ఆ కోతలోనే సగం మేలు.

కొత్తచేయి
పలక వచ్చింది. పోత_ఇనుము గారు చెప్పినట్టు పావుగంట కాల్చి వేశాను, కింది వైపు కూడా నిండుగా రంగు పట్టింది. బ్రెడ్ ముక్కతో అలారం మోగలేదు. ఒక గమనిక, పలక వాడినప్పుడు లోపల వేగంగా ఉడికింది, అనుకున్న దానికంటే రెండు నిమిషాల ముందే గుచ్చి చూడటం మంచిది.

వేడిగాలి
అవును, రెండు వైపులా నుంచి వేడి పోతుంది కాబట్టి. నాలుగు సెంటీమీటర్ల ముక్క దొరికితే ఇంకో పద్ధతి చేసి చూడండి. మొదట జాలీ మీద 120 దగ్గర లోపల 45 వచ్చేదాకా. ఈ దశలో పైపొర ఇంకా బాగా ఆరుతుంది. ముక్క బయటపెట్టి, ఆ ఖాళీలో పలకను 200కి పావుగంట వేడి చేయండి. ముక్కను టిష్యూతో అద్ది, నూనె పూసి, ఒక్కో వైపు రెండు నిమిషాలు. అంచు నుంచి మధ్య దాకా ఒకే గులాబీ రంగు వస్తుంది, బయట బూడిద పట్టీ దాదాపు ఉండదు. మూడు సెంటీమీటర్ల కంటే పలచనివాటికి ఇంత తంతు దండగ.

రాత్రి_ఆకలి
ఆఖరి ప్రశ్న నాది. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ముక్క ఉంది, ఆకలేస్తోంది, కరగనిచ్చే ఓపిక లేదు. నేరుగా పెట్టొచ్చా?

చెట్టుకింద_చెఫ్
పెట్టొచ్చు, సురక్షితమే. సమయం దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది. చిక్కల్లా రంగుతోనే, పైన మంచు కరిగి కారుతుంది. ముందు 180 దగ్గర ఐదారు నిమిషాలు పెట్టి, పైన మంచు వదిలాక బయటికి తీసి టిష్యూతో పూర్తిగా అద్ది, అప్పుడు ఉప్పు, నూనె పట్టించి 200కి మార్చండి. గడ్డకట్టిన ముక్కకి ముందే ఉప్పు అంటదు. లోపల గడ్డగా ఉన్నంతసేపు థర్మామీటర్ దిగదు, బలవంతంగా గుచ్చితే పుల్ల వంగుతుంది. ముక్కలు బల్లపరుపుగా, ఒక్కొక్కటి విడిగా గడ్డకట్టి ఉంటేనే ఇది కుదురుతుంది. రెండు కలిసి అంటుకుపోయి ఉంటే ఈ రాత్రికి గుడ్లు వేసుకోండి.